కాప్పు కట్టిన వీధి

రాజపాళయం,
జనవరి 12

తమ్ముడు రఘురామకి,

అక్క సుందరవల్లి రాసేది. నిన్ను ఇకమీదట స్వామీ అని పిలవాలని నీ శిష్యుడు తమిళ్సెల్వన్ నాకు రెండుసార్లు చెప్పి చూసినాడు. నీకు చెవిపోటు వస్తే నూనె కాచి చుక్కలు పోసినదాన్ని నేను. ఆ పిలుపు నా నోట రాదు. ఫోన్ ముట్టనని నువ్వు వ్రతం పట్టినావు కాబట్టి కాగితం తీసినాను. వ్రతం నీది, నీ కోసం మోగే మూడు ఫోన్లు నీ శిష్యుడివి. నాన్న మన ఇద్దరికీ పలక మీద దిద్దించిన తెలుగు ఇన్నేళ్ళకి ఇందుకు పనికి వచ్చింది.

పోయిన ఆదివారం నీ సభకి నేనూ వచ్చినాను. మూడో వరుసలో కూర్చున్నాను, నువ్వు చూడలేదు. ఫోటోగ్రాఫరు ఒక్కడు, మీరు ముగ్గురు, ఇక నీకు తీరిక ఎక్కడ. 'వలస వచ్చినవారు మనవారే' అని వెనక బ్యానరు. మధ్యలో నువ్వు, ఎడమపక్క పాస్టరు, కుడిపక్క మసీదు హజరత్తు. ముగ్గురూ చేతులు పట్టుకొని పైకి ఎత్తినారు. ఫోటో సరిగా పడలేదంటే దించి మళ్ళీ ఎత్తినారు. మిల్లు బస్సుల్లో తోలుకొచ్చిన ఒడిశావాళ్ళు, జార్ఖండ్‌వాళ్ళు నూటయాభై మంది కింద కూర్చొని చూసినారు. రాత్రి షిఫ్టు దిగి నేరుగా వచ్చినవాళ్ళు, సగం మంది కూర్చున్నచోటే నిద్రపోయినారు. మూడు గంటలసేపు మీరు తమిళంలో సోదరభావం గురించి మాట్లాడినారు. అందులో ఒక్క ముక్క వాళ్ళకి అర్థం కాలేదు. పాస్టరు మధ్యమధ్యలో ఇంగ్లీషు కలిపినాడు, దాంతో నాకూ అర్థం కాలేదు.

కడాన ఒక్కొక్కరికీ పొన్నాడై కప్పినారు. ఈ ఊరి ఎండకి జరీ శాలువా ఏం చేసుకోవాలో తెలియక ఒక ఆడమనిషి దాన్ని నాలుగు మడతలు వేసి నిద్రపోతున్న బిడ్డ కింద పరిచింది. ఆ రోజు మీ ముగ్గురి పుణ్యాన జరిగిన ఉపకారం అదొక్కటే. ఆమె పేరు సుకాంతి. సత్రపట్టి రోడ్డులో మన లైన్ ఇళ్ళలోనే ఆరో నంబరు గదిలో ఉంటుంది.

ఒళ్ళు చూసుకో. కాషాయంలో లావుగా కనిపిస్తున్నావు.

అక్క

*

శిరుమలై ఆశ్రమం,
జనవరి 29

పూజ్యురాలైన సోదరి సుందరవల్లిగారికి,

శుభాశీస్సులు. మీ లేఖ అందింది. నింద సైతం ప్రేమకు ఒక రూపమే అని భావించి స్వీకరించాను.

సభ దైవానుగ్రహం వలన జయప్రదమైంది. వార్తాపత్రికలలో చిత్రం ప్రచురితమైంది. దాతలు తామే ముందుకు వచ్చారు. దూరదేశాల నుండి పొట్ట చేతపట్టుకుని వచ్చిన మన సోదరులు స్థానికులతో కలిసిమెలిసి మెలిగేందుకు ఒక నిలయం అవసరమని నా అంతరాత్మ ప్రబోధించింది. 'సమైక్య నిలయం' అని నామకరణం చేశాను. అందులో ధ్యానమందిరం, భజనశాల, భాష నేర్పే తరగతి ఉంటాయి. పాస్టరుగారు, హజరత్‌గారు హర్షం వెలిబుచ్చారు.

స్థలమును గూర్చి చింత లేదు. సత్రపట్టి రోడ్డులో తండ్రిగారు మన ఇరువురి పేరిట ఉంచిన స్థలం ఉన్నది గదా. దానపత్రం ఈ లేఖతో జతపరిచాను. నేను సంతకం చేశాను. మీ సంతకం ఒక్కటే కొరత. మార్చి 21 శుక్రవారం శంకుస్థాపనకు దివ్యమైన ముహూర్తం కుదిరింది.

మీ సోదరుడు,
స్వామి సమైక్యానంద

*

రాజపాళయం,
ఫిబ్రవరి 10

తమ్ముడు రఘురామకి,

నీ తెలుగు మారిపోయింది. మన ఇంట్లో ఎవరూ ఇట్లా మాట్లాడి నేను వినలేదు. ఆంధ్రా నుంచి వచ్చే నీ భక్తుల కోసం నేర్చుకున్నావేమో. నాకు రాసేటప్పుడు అది వద్దు, చదివేదానికి అద్దాలు తుడుచుకోవలసి వస్తోంది.

స్థలం అని ఒక్క మాట రాసి ఊరుకున్నావు, చదివినవాళ్ళు ఖాళీ మైదానం అనుకునేటట్టు. అక్కడ పదకొండు గదులు ఉన్నాయి. పదకొండు గదుల్లో పదకొండు కుటుంబాలు ఉన్నాయి. నువ్వు పొన్నాడై కప్పి మనవాళ్ళే అన్నావు చూడు, వాళ్ళే. వలస వచ్చినవాళ్ళని ఊరితో కలపాలని వాళ్ళు పడుకునే గదులు పడగొట్టి భజనశాల కడతావు. ఇంత తెలివి చిన్నప్పుడు ఉంటే నువ్వు పదో తరగతి రెండుసార్లు చదివేవాడివి కాదు.

వాళ్ళంటే నాకు ప్రేమ పొంగిపోతోంది అనుకోవద్దు. రాత్రి మిగిలిన అన్నంలో నీళ్ళు పోసి రెండు రోజులు పులియబెట్టి తింటారు, ఆ వాసన వీధి తలలో ఉన్న మన ఇంటి మేడ దాకా వస్తుంది. నా ప్రహరీ మీద తడిబట్టలు ఆరేస్తారు. పక్కింటివాళ్ళతో మాట్లాడేది కూడా పొలంలో కేకేసినట్టు ఉంటుంది. వీధిలోవాళ్ళకీ వాళ్ళంటే పడదు. గదులు ఖాళీ చేయించండమ్మా అని నా దగ్గరికే రెండుసార్లు వచ్చినారు.

కానీ ఒక సంగతి నీకు తెలియాలి. ఈ ఊర్లో వాళ్ళకి ఇంకెవరూ గది ఇవ్వరు. ఇక మిల్లు హాస్టలే గతి. అక్కడ ఆడవాళ్ళు గేటు లోపల, మొగుళ్ళు ఊరి అవతల ఇంకో షెడ్డులో, పిల్లలకి చోటే లేదు. సుకాంతి బిడ్డకి నాలుగేళ్ళు. హాస్టల్‌కి పోతే దాన్ని గంజాంలో ముసలితల్లి దగ్గర వదిలి రావాలి. ఏడాదికి ఒకసారి చూసుకోవాలి. పదకొండు గదుల కథా ఇంచుమించు అదే. గంజాంది కాబట్టి ఆమెకి తెలుగు కొంచెం వచ్చు. నా గడప దగ్గర నిలబడి, గదులు తీసేస్తారని విన్నాము నిజమా అని అడిగింది. నాకు తెలియదన్నాను.

మారియమ్మ గుడి పూజారి మరియప్పన్ కూడా అడిగినాడు. వాడిని మరిచిపోయినావా? పగలు జిన్నింగులో పత్తిమూటలు మోస్తాడు, సాయంకాలం గుళ్ళో హారతి ఇస్తాడు, ఆ తర్వాత బ్రాందీ షాపులో ఉంటాడు. మంత్రం ఒక్కటీ రాదు. నీ వేదిక మీద వాడికి చోటు లేకపోయింది, ఆ ఒక్క విషయంలో నీ కమిటీని తప్పు పట్టను.

నాకేమి. పత్రం మీద సంతకం పెట్టి బీరువాలో పెట్టినాను. వచ్చినప్పుడు తీసుకో.

అక్క

*

శిరుమలై ఆశ్రమం,
మార్చి 3

పూజ్యురాలైన సోదరికి,

సంతకం చేసిన వార్త విని ఆనందించాను.

ఆ పదకొండు కుటుంబాల విషయం నా దృష్టిలో లేకపోలేదు. మిల్లువారితో మాట్లాడించాను. హాస్టల్ సూపర్‌వైజరు కళైయరసన్ 19వ తేదీ బుధవారం ఉదయం లారీతో వచ్చి వారిని, సామానులను తరలిస్తాడు. కుటుంబ వియోగం తాత్కాలికము. వియోగము సైతం ఒక సాధనయే అని పెద్దలు చెప్పారు. నిలయం పూర్తికాగానే వారు ఆదివారములందు వచ్చి సకుటుంబంగా భజన చేసుకోవచ్చును.

ఒక చిన్న సాయం. గుడి ఉత్సవం ఎప్పుడు ఆరంభమగునో ఆ పూజారిని విచారించండి. జనం గుమిగూడిన వేళ తరలింపు జరిగితే చూపరులకు బాగుండదు. దానికి ముందే పని ముగియవలెను. నేను 18 సాయంత్రం వచ్చి మన మేడ మీద బస చేస్తాను.

స్వామి సమైక్యానంద

*

రాజపాళయం,
మార్చి 22

తమ్ముడు రఘురామకి,

గురువారం మధ్యాహ్నం అన్నం తిని, మదురైలో భక్తులు ఎదురుచూస్తున్నారని కారెక్కినావు. నువ్వు ఇక్కడ ఉన్న రెండు రోజులూ మేడ మీద మౌనంలోనే ఉన్నావు. కింద ఏమి జరిగిందో నీ శిష్యుడు నీకు సరిగా చెప్పి ఉండడు. నేను చెప్తాను.

తప్పు నాదే. నువ్వు చెప్పినట్టే మరియప్పన్‌ని పిలిపించి పండగ ఎప్పుడురా అని అడిగినాను. 25న కాప్పు కడతాము అన్నాడు. సరే, 19న లారీ వస్తుంది, నువ్వు అడ్డం పడకుండా ఉంటే చాలు అని తేదీతో సహా చెప్పినాను. వాడు లోపలికి వచ్చే మనిషి కాదు కాబట్టి గేటు దగ్గరే నిలబెట్టి చెప్పినాను. తల ఊపి పోయినాడు.

18 మంగళవారం సాయంకాలం నువ్వు వచ్చి మేడ ఎక్కినావు. అదే సాయంకాలం వాడు గుళ్ళో డప్పు కొట్టించి అమ్మ చేతికి కాప్పు కట్టేసినాడు. వారం ముందుగా. అమ్మ కలలో వచ్చి తొందరపడమన్నది అంట. అమ్మకి లారీ వచ్చే తేదీ ఎవరు చెప్పినారో నాకు తెలుసు.

కాప్పు అంటే ఏమిటో నువ్వు మరిచిపోయి ఉంటే గుర్తు చేస్తాను. అమ్మ చేతికి పసుపుతాడు కట్టిన రాత్రి ఈ వీధి ఎల్లలో ఎవరు పడుకుంటే వాళ్ళంతా ఆ పండగకి కట్టుబడినవాళ్ళు. ఎనిమిది రోజులు, పూక్కుళి, అదే నిప్పుల గుండం, తొక్కి నిప్పులు ఆరేదాకా, పగలు ఎక్కడికైనా పోవచ్చు, రాత్రికి మాత్రం ఎల్ల దాటి పడుకోకూడదు. ఏ ఊరు, ఏ భాష అని అమ్మ అడగదు. చిన్నప్పుడు మామ ఒకసారి చూసిపోదామని వచ్చి ఎనిమిది రోజులు చిక్కుకున్నాడు, నువ్వు నవ్వినావు.

బుధవారం ఏడు గంటలకి లారీ వచ్చింది. సుకాంతి మొగుడు గదిలో నుంచి ట్రంకుపెట్టె బయటికి తెచ్చి పెట్టినాడు, ఎదురు చెప్పడం వాళ్ళకి తెలియదు. బిడ్డ ఆ పెట్టె మీదే కూర్చుంది. మరియప్పన్ పసుపునీళ్ళ చెంబుతో లారీ ముందు నిలబడినాడు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి, ముందు రోజుది దిగలేదనుకుంటాను.

"సార్, కాప్పు కట్టినాము. వీళ్ళంతా రాత్రి ఎల్ల లోపలే పడుకున్నారు. వచ్చే మంగళవారం దాకా ఎవరూ ఊరు విట్టు పోకూడదు. మీరు ఎత్తుకొని పోతే అమ్మ కోపం మీ మీద, నా మీద కాదు" అన్నాడు.

కళైయరసన్ సత్రపట్టివాడే. ఆ మాట వినగానే చెప్పులు విడిచినాడు. దండం పెట్టి, నుదుట కుంకం పెట్టించుకొని, లారీ వెనక్కి తిప్పించుకొని పోయినాడు. నీ మూడు మతాల కమిటీ మూడు గంటల్లో చేయలేనిది తాగుబోతు పూజారి మూడు నిమిషాల్లో చేసినాడు. వాడిని మహాత్ముడు అనుకోవద్దు. ఎందుకు చేసినావురా అని అడిగితే, అమ్మ ఊరేగే సప్పరం మోసేదానికి మొగాళ్ళు లేరమ్మా అన్నాడు. మన వీధి మొగపిల్లలంతా తిరుప్పూరు పోయినారు. పోయిన ఏడు అమ్మని ట్రాక్టరు మీద పెట్టి ఊరేగించినారు, వాడికి అది సిగ్గు. ఒడిశావాళ్ళ భుజాలు గట్టివి అని లెక్క వేసుకున్నాడు.

ఇంకో వింత. కాప్పు రోజుల్లో వీధిలో తాళింపు పెట్టకూడదు, చల్లటి తిండే తినాలి కదా. వీధి ఆడవాళ్ళంతా పళయసోరుకి, అదే చద్దన్నానికి, అప్పుడు నీళ్ళు పోసుకుంటుంటే, పద్ధతిగా పులిసిన అన్నం ఒక్క సుకాంతి కుండలోనే ఉంది. అమ్మకి నైవేద్యం ఆ కుండలో నుంచే పోయింది. ముక్కు మూసుకున్నవాళ్ళే గిన్నెలు పట్టుకొని ఆమె గుమ్మం దగ్గర నిలబడినారు. నాకూ ఒక గిన్నె పంపింది. బాగుంది, ఇంకేమి చెప్పను.

నువ్వు కారెక్కేటప్పుడు మరియప్పన్ వచ్చి "సామీ, రాత్రికి తిరిగి వచ్చేయండి" అన్నాడు. నువ్వు చేయెత్తి ఆశీర్వదించినావు, వాడు అడిగింది అది కాదు. ఆ సాయంకాలం నేనూ తళవాయిపురం పోయి వచ్చినాను, మన పిన్ని కూతురు గాయత్రి లేదూ, దాని కూతురికి వలైకాప్పు, గాజుల సీమంతం. శుక్రవారం నీ ముహూర్తానికి నువ్వే లేవు.

అక్క

*

మదురై,
మార్చి 24

సోదరికి,

మీ లేఖ చదివి ఖేదపడ్డాను. విద్యావంతులైన మీరు సైతం అజ్ఞానుల ఆచారాలను సమర్థించడం విచారకరం. నేను సన్యాసిని. నాకు ఎల్లలు లేవు. పసుపుతాడుతో నన్ను బంధించగలరా?

మంగళవారంతో వారి ఉత్సవం ముగుస్తుంది. 26 బుధవారం ఉదయం లారీ మరల వస్తుంది. ఆ దినమే మధ్యాహ్నం భూమిపూజ. నేను మదురైలోనే ఉన్నాను, కబురు రాగానే బయలుదేరుతాను. ఇక జాప్యం తగదు. శిలాఫలకం చెక్కించి ఆరు నెలలు కావస్తున్నది, దాతల పేర్లు అందులో ఉన్నాయి. వారికి ఏమని సమాధానం చెప్పను? మీ సంతకం గల పత్రమును తమిళ్సెల్వన్ చేతికి ఇవ్వండి.

స్వామి సమైక్యానంద

*

రాజపాళయం,
మార్చి 27

రఘురామా,

ఆరు నెలలు అని నీ చేత్తో నువ్వే రాసినావు. అంటే సభ పెట్టకముందే, వాళ్ళ మెడలో పొన్నాడై వేయకముందే, వాళ్ళ గదుల మీద నిలబెట్టే రాయి చెక్కించినావు. ఎదురుగా కూర్చొని నిద్రపోయినవాళ్ళని చూస్తూ నవ్వినావు కదా, ఆ నవ్వు ఇప్పుడు నాకు అర్థమైంది. నువ్వు తెలివితక్కువవాడివి అనుకొని ఇన్నాళ్ళూ నిన్ను మన్నించినాను. ఇక మన్నించలేను.

నిన్న లారీ వచ్చింది. ఈసారి మరియప్పన్ ఒక్కడే కాదు, వీధంతా వచ్చింది. గదులు ఖాళీ చేయించమని నా దగ్గరికి వచ్చినవాళ్ళే ముందు నిలబడినారు. ముందు రోజు సాయంకాలం సుకాంతి మొగుడూ మిగతా పదిమందీ అమ్మ సప్పరాన్ని భుజాన మోసినారు, వీధి ఈ కొస నుంచి ఆ కొస దాకా ఒక్కసారి కూడా కింద దించలేదు. ఆ తర్వాత వీధివాళ్ళతో కలిసి నిప్పులు తొక్కినారు. కాప్పు కట్టుకొని నిప్పు తొక్కినవాళ్ళని వీధిలో నుంచి ఎత్తుకుపోయేది ఈ ఊరి వాడుకలో లేదు. ఇంకో వాడుక కూడా ఉంది. కాప్పులో ఉండి ఎల్ల దాటి పడుకున్నవాడు వచ్చే ఏటి కాప్పు దాకా ఈ వీధి మట్టి మీద గడ్డపార వేయకూడదు. నువ్వు మదురైలో ఐదు రాత్రులు పడుకున్నావు. కళైయరసన్ చెప్పులు విడిచే పని కూడా పెట్టుకోలేదు, లారీ దిగకుండానే వెనక్కి పోయినాడు.

దానపత్రం ఇందులో పెట్టినాను. సంతకం ఉందేమో అని వెతకవద్దు. పెట్టినాను అని ఫిబ్రవరిలో రాసింది అబద్ధం. ఎందుకు అబద్ధం చెప్పినానో నాకే తెలియదు, నీతో తగాదా పడేదానికి బద్ధకించి అయి ఉంటుంది. ఇప్పుడు తెలిసే పెట్టడం లేదు. ఆ గదులు ఉంటాయి, ఆ మనుషులు ఉంటారు. నీ శిలాఫలకం మాత్రం పంపించు. లైన్ ఇళ్ళలో బట్టలు ఉతికేదానికి మంచి బండ లేదు. పేర్లు ఉన్న పక్క కిందికి వేయిస్తాను.

ఇప్పుడు చెప్పేది నీకు చెప్పాలని లేదు. కానీ నిన్ను ఇంత మాట అన్నాక దాచుకుంటే బాగుండదు.

నిన్న మధ్యాహ్నం గుడి ముందు పండగ భోజనం. ఆ పద్ధతి నీకు గుర్తే. వీధివాళ్ళు వడ్డిస్తారు, బయటినుంచి వచ్చిన చుట్టాలు, విరుందాళులు, పందిరి కింద ముందు తింటారు. మొదటి గరిటె మన ఇంటిది, నాన్న కాలం నుంచీ. నేను పట్టుచీర కట్టుకొని పోయి నేరుగా అన్నం గుండాన్ దగ్గరికి నడిచి గరిటె మీద చెయ్యి వేసినాను.

మరియప్పన్ పక్కకి వచ్చినాడు. ఆ రోజు తాగలేదు. "అమ్మా, మీరు ఇట్టా వచ్చి కూర్చోండి" అని పందిరి చూపించినాడు.

నాకు అర్థం కాలేదు. ఎందుకురా అన్నాను.

"గురువారం తళవాయిపురంలో పడుకున్నారు కదమ్మా" అన్నాడు, ఎవరికీ వినపడకుండా.

నిజమే. వలైకాప్పు ముగిసేసరికి పొద్దు పోయింది, గాయత్రి ఉండమన్నది, ఉన్నాను. బస్సు ఉండినది. కాప్పు గుర్తు లేకపోలేదు. ఆ కట్టుబాటు లైన్ ఇళ్ళవాళ్ళకి, మనకి కాదు అనుకున్నాను. నీకు రాసేటప్పుడు పోయి వచ్చినాను అని మాత్రం రాసినాను. నిన్ను వెక్కిరిస్తూ రాసిన ఆ కాగితంలోనే నా సంగతి దాచినాను. నువ్వు సన్యాసం పేరు చెప్పి దాటినావు, నేను మేడ ఉందని దాటినాను.

వాడు నన్ను నలుగురిలో నిలబెట్టి అడిగి ఉండవచ్చు. నేను వాడిని గేటు దగ్గర నిలబెట్టినట్టు. అడగలేదు. పోయి విరుందాళుల వరుసలో కూర్చున్నాను, అటు సత్రపట్టి నుంచి వచ్చిన ఎవరో ముసలాయన, ఇటు ఎవరి చుట్టమో ఒక పిల్ల.

మొదటి గరిటె సుకాంతి చేతికి ఇచ్చినారు. చేతికి పసుపుతాడు ఇంకా ఉంది. వరుసగా వడ్డించుకుంటూ నా ఆకు దగ్గరికి వచ్చి ఆగింది. నా చెయ్యి ఆకు మీద అడ్డంగా ఉంది. ఆమె ఎగతాళి చేయలేదు, ఆ మనిషికి అది రాదు. ఇంటికి వచ్చిన కొత్తవాళ్ళకి మన వీధి ఆడవాళ్ళు చెప్పే మాట ఈ ఎనిమిది రోజుల్లో విని నేర్చుకున్నట్టుంది. అదే చెప్పింది.

"మొహమాటపడకండమ్మా. మీ ఊరే అనుకోండి."

చెయ్యి తీసినాను. పెట్టింది. తిన్నాను.

సుందరవల్లి